అధికారము – పరిహాసము – అభిప్రాయ స్వాతంత్ర్యము

ప్రజాస్వామ్యములో నాయకత్వమునకు రెండు పరీక్షలు కలవు. అధికారము కొరకు పోరాడునపుడు ధైర్యము మొదటిది. అధికారము చేతికి వచ్చిన పిమ్మట విమర్శను సహించు ఓర్పు రెండవది. ఈ రెండు పరీక్షలను గూర్చి యోచించుటకు పశ్చిమ బెంగాల్ నాయకురాలు శ్రీమతి మమతా బెనర్జీ రాజకీయ జీవితమును ఇచట ఉదాహరణముగా గైకొనుచున్నాము. ఫోను ద్వారా ప్రతిదినము ఎన్నో చిత్రములను ఒకరికొకరు పంపుకొను మన విద్యార్థులకు ఇది పరాయి రాష్ట్రపు వార్త మాత్రమే కాదు.

1955లో కలకత్తాలో జన్మించిన ఆమె విద్యార్థి దశలోనే కాంగ్రెస్ రాజకీయములలో ప్రవేశించినారు. 1984 ఎన్నికలలో జాదవ్‌పూర్ నుండి సుప్రసిద్ధ మార్క్సిస్టు నాయకుడు సోమనాథ్ ఛటర్జీని ఓడించి లోక్‌సభలో అడుగిడినారు. 1990లో హాజ్రా కూడలి వద్ద ప్రత్యర్థుల దాడిలో తలకు తీవ్రమైన గాయమైనది. 1998 జనవరి 1న తృణమూల్ కాంగ్రెస్‌ను స్థాపించినారు. 2004లో ఆ పార్టీ పక్షమున లోక్‌సభకు గెలిచినది ఆమె ఒక్కరే. సింగూరులో కార్ల కర్మాగారమునకు రైతుల భూములు తీసికొనుటను నిరసించి 2006 డిసెంబరులో మూడు వారములకు మించి నిరాహారదీక్ష చేసినారు. 2007 మార్చి 14న నందిగ్రామ్‌లో పోలీసు చర్యలో పదునలుగురు మరణించిరి. ఈ ఉద్యమముల ఫలితముగా 2011లో ముప్పది నాలుగేండ్ల వామపక్ష పాలన అంతమై ఆమె ముఖ్యమంత్రి అయినారు. మొదటి పరీక్షలో ఆమె నెగ్గినారనుటకు సందేహము లేదు.

రెండవ పరీక్ష మరుసటి యేడే వచ్చినది. 2012 మార్చిలో రైలు ఛార్జీలు పెంచిన తన పార్టీ రైల్వే మంత్రిని ఆమె తొలగింపజేసి, వేరొకరిని ఆ పదవిలో నిలిపినారు. దీనిపై సత్యజిత్ రాయ్ 1974 నాటి చిత్రము ‘సోనార్ కెల్లా’ను తలపించు ఒక వ్యంగ్య చిత్రము వెలువడినది. దానిని ఈమెయిల్ ద్వారా ఇతరులకు పంపినందుకు జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయపు రసాయనశాస్త్ర ఆచార్యుని ఏప్రిల్‌లో పోలీసులు నిర్బంధించినారు. ఆయనతోపాటు వృద్ధుడైన పొరుగువాడును అరెస్టయినాడు. వారిద్దరికి యాభై వేల రూపాయల చొప్పున పరిహారమీయవలెనని రాష్ట్ర మానవ హక్కుల సంఘము ఆ యేడే సిఫారసు చేసినది. అయినను ఆచార్యునికి కేసు నుండి పూర్తి విముక్తి లభించినది 2023 జనవరిలో! చూచి నవ్వుటకు క్షణము చాలిన చిత్రము పదేండ్లకు పైగా న్యాయస్థానముల చుట్టు త్రిప్పినది.

ఇంతటి అధికారమును పోలీసులకొసగినది సమాచార సాంకేతిక చట్టములోని 66ఏ సెక్షను. 2008 సవరణ ద్వారా వచ్చిన ఈ సెక్షను, ఇతరులకు చికాకు, అసౌకర్యము కలిగించు సందేశములకు మూడేండ్ల వరకు కారాగారశిక్ష విధించినది. ‘చికాకు’ అనగా నేమి? ఒకరికి నవ్వు తెప్పించునది మరియొకరికి చికాకు కావచ్చును. హద్దు తెలియని చట్టము ఎవరినైనను పట్టగలదు. వేర్వేరు పార్టీల ప్రభుత్వములు దీనిని ప్రయోగించినవి. 2012 నవంబరులో మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో, బాల్ ఠాక్రే మరణానంతర బందును ప్రశ్నించిన యువతితోపాటు, ఆ మాటను మెచ్చుకొన్న స్నేహితురాలిని గూడ అరెస్టు చేసినారు.

2015 మార్చి 24న సుప్రీంకోర్టు ఈ సెక్షనును కొట్టివేసినది. తీర్పు చెప్పిన ధర్మాసనములో మన కృష్ణా జిల్లా వాసి జస్టిస్ చలమేశ్వర్, జస్టిస్ నారిమన్ ఉండిరి. చర్చించుట, ఒక అభిప్రాయమును సమర్థించుట పౌరుని హక్కులనియు, హింసకు పురికొల్పు దశకు చేరినపుడే చట్టము జోక్యము చేసికొనవచ్చుననియు ఆ తీర్పు సారాంశము. అయినను పాత అలవాటు వెంటనే పోలేదు. 2019 మేలో మమతా బెనర్జీ ముఖమును మార్పు చేసిన చిత్రమును పంచినందుకు ప్రత్యర్థి పార్టీ కార్యకర్తను అరెస్టు చేయగా, సుప్రీంకోర్టు విడుదలకు ఆదేశించవలసి వచ్చినది. కొట్టివేసిన సెక్షను క్రింద ఎవరిని విచారించరాదని 2022 అక్టోబరులో ఆ న్యాయస్థానము మరల స్పష్టము చేసినది.

నాణెమునకు రెండవ ప్రక్క గూడ కలదు. 2017 జూలైలో అదే రాష్ట్రమున బసీర్‌హాట్ ప్రాంతములో ఒక బాలుని ఫేస్‌బుక్ రాత మత కల్లోలమునకు దారితీసి ఒక ప్రాణము పోయినది. ఆ వేడిలో భోజ్‌పురి సినిమాలోని దృశ్యమును అక్కడి అత్యాచారముగా చూపి ప్రచారము చేసినారు. నాయకుని వెక్కిరించు చిత్రమునకును, పొరుగువాని ఇంటికి నిప్పంటించు అబద్ధమునకును గల భేదము ఇదియే. మొదటిది బలవంతుని ప్రశ్నించును. రెండవది బలహీనుని బలిగొనును.

పరిహాసము మన సాహిత్యములకు క్రొత్త కాదు. ఆంగ్లేయుల కొలువులో న్యాయాధికారిగా నుండియు అక్బర్ ఇలాహాబాదీ ఉర్దూలో నాటి పోకడలను చురకలతో ఎండగట్టినాడు. గురజాడ ‘కన్యాశుల్కము’ తెలుగు సమాజమునకు అద్దము పట్టినది. నవ్వును నేరముగా చూచు సమాజము ఇట్టి రచయితలను నిలుపుకొనజాలదు.

నాయకులకు తీర్పు చెప్పువారు ఓటర్లు. ఆమెకు కీర్తి తెచ్చిన నందిగ్రామ్‌లోనే, రాష్ట్రమంతట పార్టీ గెలిచిన 2021లో, ఆమె 1,956 ఓట్లతో ఓడినారు. ఆ తీర్పు నిర్భయముగా వెలువడవలెనన్న మాట్లాడు స్వేచ్ఛ కావలెను. అది సరియైన తీర్పు కావలెనన్న సత్యము కావలెను. కనుక విద్యార్థులు ఏ చిత్రమునైనను ఇతరులకు పంపుటకు ముందు ఇది నిజమా, ఎవరికి హాని చేయును అని విచారించుకొందురు గాక. విచారించిన పిమ్మట అధికారమునకు వెరచి సత్యమును దాచకుందురు గాక.