ఆటకు సాధన ఔషధం – పఠనం అనుపానం

వ్యాయామంతో పిల్లల కండరములు గట్టిపడును. అయినను పోటీలో ఒక్క పాయింటు పోగానే చేతులు వణకుట, ఓడిన రాత్రి నిద్రపట్టకుండుట అనేక గృహములలో చూచుచున్నాము. దేహమున బలమున్నను మనస్సు నిలువకుండుటయే ఇందుకు కారణం.

మనోదోషములకు బుద్ధి, ధైర్యం, ఆత్మజ్ఞానములే ఉత్తమ ఔషధములని వాగ్భటాచార్యుడు అష్టాంగహృదయమున చెప్పియున్నాడు. వీటిని పెంచుటకు ఇంటనే దొరకు సాధనం నిత్యపఠనం. చదువునపుడు మనస్సు పక్కకు పోవును. దానిని మరల అదే వాక్యమునకు తెచ్చుటయే అభ్యాసం. ఆటలో పోయిన పాయింటును విడిచి తరువాతి దానిపై దృష్టి నిలుపుటకు కావలసినదీ ఇదే.

పద్ధతి: రాత్రి భోజనానంతరం టి.వి., సెల్‌ఫోను ఆపి, మంచి వెలుతురులో 15 నిమిషములు చదువవలెను. పిమ్మట తోచిన ఒక్క వాక్యం నోటుబుక్కులో వ్రాయవలెను. క్రీడాకారుల జీవితకథలు మిక్కిలి మేలు. షూటర్ అభినవ్ బింద్రా 2004 ఏథెన్స్ ఒలింపిక్స్ ఫైనల్లో ఏడవ స్థానమున నిలిచి, 2008 బీజింగ్‌లో స్వర్ణపతకం సాధించెను. అట్టి కథ చదివిన పిల్లలకు ఓడినవాడు మరల గెలువగలడని వేరుగా బోధించనక్కరలేదు.

పథ్యం: పఠనమును శిక్షగా విధింపరాదు, నిద్ర తగ్గించి చదివింపరాదు. ఓడిన రోజున ప్రశ్నలు వేయక, తల్లిదండ్రులును పక్కన కూర్చుండి తమ పుస్తకం తెరువవలెను. దిగులు, నిద్రలేమి వారముల తరబడి వీడనిచో వైద్యుని సంప్రదించవలెను.