పాసైంది ఎవరి పిల్లలు?

2022 పదో తరగతి ఫలితాల్లో తెలంగాణలో సిద్దిపేట జిల్లా మొదటి స్థానంలో నిలిచింది. రాష్ట్రం మొత్తమ్మీద నూటికి 90 మంది గట్టెక్కితే ఇక్కడ 97 మందికి పైగా పాసయ్యారు. చివరి స్థానం హైదరాబాద్‌ది. అక్కడ 80 శాతం కూడా దాటలేదు. తర్వాతి ఏడు నిర్మల్ ముందుకొచ్చింది. 2024లోనూ నిర్మల్‌దే మొదటి స్థానం, 98.65 శాతంతో సిద్దిపేటది రెండోది. 2025లో మహబూబాబాద్ మొదటి స్థానానికి ఎక్కింది. ర్యాంకులు ఏటా మారేవే. రాజధాని కన్నా బీడీలు చుట్టే, మగ్గం నేసే, వాన కోసం ఎదురుచూసే జిల్లాలు వరుసగా పైన ఉండటమే ఇందులో పట్టించుకోవలసిన సంగతి.

2011 జనగణన లెక్క తీస్తే సిద్దిపేట ప్రాంతంలో అక్షరాస్యత 61 శాతం పైచిలుకు. రాష్ట్ర సగటు 66 శాతం దాటింది. అంటే పరీక్ష హాల్లో కూర్చున్న పిల్లల్లో చాలామందికి ఇంట్లో పాఠం చెప్పేవాళ్లు లేరు. తాతల కాలంలో నిజాం రాజ్యంలో హైస్కూలు చదువు ఉర్దూలోనే సాగేది, అదీ పట్నాలకే పరిమితం. పల్లెలో బడి అంటే చాలాకాలం ఐదో తరగతి దాకానే. పదో తరగతి మెమో చేతిలో పట్టుకున్న మొదటి తరం ఇప్పుడు జిల్లాపరిషత్ ఉన్నత పాఠశాలల్లో ఉంది.

బడిలో ఎవరున్నారో తెలియాలంటే అడ్మిషన్ రిజిస్టరు చూడాలి. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, మాతృభాష, కులం, చివర రెండు పుట్టుమచ్చలు. తండ్రి వృత్తి గడిలో ఎక్కువగా కనిపించే మాటలు వ్యవసాయం, కూలి. కులం గడిలో ముదిరాజ్, గొల్ల, కురుమ, పద్మశాలి, గౌడ, చాకలి, మాదిగ, మాల. హుస్నాబాద్, అక్కన్నపేట వైపు తండాల నుంచి లంబాడా పిల్లలు. పట్టణంలో ముస్లిం పిల్లలకు ఉర్దూ మీడియం బడులు వేరుగా ఉన్నాయి. ఓసీ పిల్లలు సర్కారు బడిలో తక్కువ. నాలుగు రాళ్లు వెనకేసుకున్న ఏ కులం ఇంటికైనా పొద్దున్నే ప్రైవేటు బడి బస్సు వస్తుంది. కాబట్టి సర్కారు బడిలో మిగిలేది ఒక కులం అనడం కన్నా ఒక ఆదాయం అనడం నయం.

తల్లుల పని రిజిస్టరులో ఉండదు. దుబ్బాక, సిద్దిపేట చుట్టుపక్కల వేల మంది ఆడవాళ్లు ఇంటి గడపలో కూర్చుని బీడీలు చుడతారు. ఆకు కత్తిరించడం, కట్ట కట్టడం లాంటి చిన్న పనులు ఆడపిల్లల మీద పడతాయి. బీడీ కార్మికుల పిల్లలకు కేంద్ర కార్మిక శాఖ స్కాలర్‌షిప్ ఉంది, కానీ తల్లికి గుర్తింపు కార్డు ఉండాలి. గొల్లభామ చీరలు నేసిన పద్మశాలి ఇళ్లలో ఇప్పుడు మగ్గాల మీద కూర్చునేది ఎక్కువగా పెద్దవాళ్లే. పిల్లలను బడికి, కాలేజీకి పంపారు.

రిజిస్టరు అకస్మాత్తుగా మారిన చోట్లూ ఉన్నాయి. మల్లన్నసాగర్ జలాశయం కింద వేములఘాట్, పల్లెపహాడ్, ఏటిగడ్డ కిష్టాపూర్ లాంటి ఊళ్లు ఖాళీ అయి, జనం గజ్వేల్ దగ్గరి పునరావాస కాలనీకి చేరారు. ఊరు మారితే పిల్లవాడికి బడి, దోస్తులు, సారు అందరూ మారతారు. ఆ తరగతి శాతాన్ని పక్క ఊరి శాతంతో పోల్చి మంచి చెడ్డలు తేల్చడం అన్యాయం.

ఆడపిల్లల లెక్క వేరే కథ. 2024లో రాష్ట్రంలో అమ్మాయిలు 93.23 శాతం, అబ్బాయిలు 89.42 శాతం పాసయ్యారు, 2025లో 94.26, 91.32. ఈ తేడా కొత్తది కాదు. ఫీజు కట్టగలిగితే ముందు కొడుకును ప్రైవేటు బడికి పంపే ఇళ్లు ఇంకా ఉన్నాయి కాబట్టి, సర్కారు తరగతిలో అమ్మాయిలు ఎక్కువగానే కనిపిస్తారు. పరీక్ష తప్పితే పెళ్లి మాట వస్తుందన్న భయం వాళ్లను పుస్తకం ముందు కూర్చోబెడుతుంది. అబ్బాయి తప్పితే వరికోత మిషన్ మీదో, సెంట్రింగ్ పనిలోనో చేరతాడు. చేతిలో రోజు కూలి కనబడుతుంది గనుక సప్లిమెంటరీ మీద మనసు నిలవదు.

సర్కారు బడిలో సీటు దొరకదన్న మాట సిద్దిపేటలో వినిపించిందంటే అది ఇందిరానగర్ జిల్లాపరిషత్ ఉన్నత పాఠశాల వల్లే. ప్రవేశాలు లేవని బోర్డు పెట్టాల్సి వచ్చిన బడిగా అది పత్రికలకెక్కింది. ఇంగ్లీషు మీడియం, డిజిటల్ తరగతులు, అన్ని సబ్జెక్టులకూ సార్లు ఉండటం, స్థానిక శాసనసభ్యుడు టి.హరీశ్‌రావు పట్టించుకోవడం, ఇవన్నీ కలిసి ప్రైవేటు బడి నుంచి పిల్లలను వెనక్కి లాగాయి. అయితే సీట్ల కన్నా పిల్లలు ఎక్కువైన చోట వడపోత తప్పదు. సీటు కోసం క్యూలో నిలబడే తల్లిదండ్రులు బడి సంగతి ముందే ఆరా తీసినవాళ్లు. అలాంటి బడి ఫలితాన్ని, ఎవరొచ్చినా చేర్చుకునే తండా పక్క బడి ఫలితాన్ని ఒకే తక్కెడలో తూచకూడదు. ఇందిరానగర్ గొప్పతనం దీనివల్ల తగ్గదు, కొలత మాత్రం మారుతుంది.

శాతం ఎలా పెరిగిందన్న ప్రశ్నకు జవాబు చాలావరకు సాయంత్రాల్లో ఉంది. మామూలు బడి సాయంత్రానికి అయిపోతుంది. పదో తరగతికి మాత్రం శీతాకాలం మొదలైతే పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట స్పెషల్ క్లాసులు. మధ్యాహ్నం తిన్న అన్నం సాయంత్రానికి అరిగిపోతుంది కాబట్టి ఉడికించిన శనగలో, అటుకులో పెట్టేందుకు దాతల కోసం హెడ్మాస్టర్లు తిరుగుతారు. వెనకబడిన పిల్లలను సార్లు పంచుకుని దత్తత తీసుకుంటారు. కొన్నిచోట్ల తెల్లవారుజామున ఫోన్ చేసి లేపుతారు. పరీక్షల ముందు తల్లిదండ్రులకు హరీశ్‌రావు ఉత్తరాలు రాయడం ఈ జిల్లాలో ప్రత్యేకం. ఆయన మంత్రిగా ఉన్నప్పుడు, టీవీ కట్టేయమని, పెళ్లిళ్లకు తీసుకుపోవద్దని మంత్రి సంతకంతో ఉత్తరం వస్తే ఇంట్లో దానికి ఉండే విలువ వేరుగా ఉండేది.

మార్కుల లెక్క కూడా తెలియాలి. నూటికి 80 పబ్లిక్ పరీక్షవి, 20 బడిలోనే వేసే ఇంటర్నల్స్: ప్రాజెక్టు, నోట్స్, చదివిన పుస్తకం మీద రాత, స్లిప్ టెస్ట్. పాస్ గీత 35. ఇంటర్నల్స్‌లో చేయి కాస్త వదులైతే మొత్తం మార్కులు పెరుగుతాయి. అదీగాక 2022 బ్యాచ్‌ది మామూలు పరీక్ష కాదు. కరోనా వల్ల అంతకుముందు రెండేళ్లు పరీక్షలతో సంబంధం లేకుండా అందరినీ పాస్ చేశారు. ఈ పిల్లలు తొమ్మిదో తరగతి టీ-శాట్, యాదగిరి చానెళ్ల ముందు కూర్చుని చదివారు. పరీక్షను 11 పేపర్ల నుంచి ఆరుకు, సిలబస్‌ను 70 శాతానికి తగ్గించారు. ఆ సడలింపు అన్ని జిల్లాలకూ దక్కింది కనుక సిద్దిపేట స్థానం నిజమే, కానీ ఆ ఏటి శాతాన్ని పాత ఏళ్ల శాతాల పక్కన పెట్టడం కుదరదు.

చిన్న బడుల్లో శాతం ఇంకా దొంగాట ఆడుతుంది. పదో తరగతిలో 20 మందే ఉంటే ఒక్కరు తప్పినా ఐదు శాతం పోతుంది. గురుకులాలు ఐదో తరగతి దగ్గరే చురుకైన పిల్లలను తీసుకెళ్తాయి. ఊరి బడిలో మిగిలినవాళ్లతోనే సార్లు నూరు శాతం తేవాలి. పునాది సంగతీ తక్కువది కాదు. 2021 నేషనల్ అచీవ్‌మెంట్ సర్వేలో తెలంగాణ మూడో తరగతి పిల్లలు భాషలోనూ లెక్కల్లోనూ జాతీయ సగటు కన్నా కింద ఉన్నారు. కింది తరగతుల్లో రాని చదవడం, కూడడం, తీసేయడం పదిలో నాలుగు నెలల స్పెషల్ క్లాసులతో పూడ్చడం అంటే పరీక్షకు సరిపడా పూడ్చడమే.

పిల్లవాడి ఇల్లు, ఊరు లెక్కలోకి వచ్చే చోట్లు కొద్దిగా ఉన్నాయి. ఎనిమిదో తరగతిలో నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ పరీక్ష రాసి నెగ్గితే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 రూపాయలు వస్తాయి. ఇంటి ఆదాయం 3.5 లక్షలు దాటకూడదు, ప్రైవేటు బడి పిల్లలు అర్హులు కారు. పదో తరగతి తర్వాత బాసర ట్రిపుల్ ఐటీ ఉంది. 2008లో పల్లె పిల్లల కోసం పెట్టిన ఆ సంస్థలో ప్రవేశం పది ఫలితం మీదే. హాస్టల్ వసతి లేని సర్కారు బడుల్లో చదివినవాళ్ల గ్రేడ్ పాయింట్లకు 0.4 కలుపుతూ వచ్చారు. 9.6 తెచ్చుకున్న జిల్లాపరిషత్ అమ్మాయి ఆ లెక్కన పదికి పది వచ్చిన ప్రైవేటు బడి అబ్బాయితో సమానంగా నిలిచేది. ఆ సీట్లు ఎక్కువగా దక్కించుకునే జిల్లాల్లో సిద్దిపేట పేరు ఏటా వినబడుతుంది.