ఆసుపత్రిలో డాక్టరూ నర్సూ కాని కొలువులు

నీట్ ఫలితాలు వచ్చాక బైపీసీ పిల్లలున్న ఇళ్లలో మూడే మాటలు వినిపిస్తాయి. లాంగ్ టర్మ్ కోచింగా, అప్పు చేసైనా విదేశంలో ఎంబీబీఎస్సా, లేకపోతే నర్సింగా? మూడూ కుదరని పిల్లలు ఏదో ఒక డిగ్రీలో చేరి వైద్యరంగం మీద ఆశ వదిలేసుకుంటారు. నర్సింగ్ గొప్ప వృత్తి, కానీ ఇష్టం లేకుండా చేయగలిగిన పని కాదు. ఆ ఇష్టం లేనంత మాత్రాన ఆసుపత్రి గడప దిగిపోవాల్సిన అవసరం లేదు. అక్కడ రోగికి జరిగే వైద్యంలో చాలా భాగం, డాక్టరూ నర్సూ కానివాళ్ల చేతుల మీదుగానే నడుస్తుంది.

మామూలు రక్తపరీక్షనే తీసుకోండి. రక్తం తీసేటప్పుడు రకరకాల రంగుల మూతలున్న చిన్న గొట్టాలు చూసే ఉంటారు. ఊదారంగు మూత ఉన్నదాంట్లో ఈడీటీఏ అనే రసాయనం ఉంటుంది. అది రక్తం గడ్డకట్టకుండా ఆపుతుంది కాబట్టి కణాలను లెక్కపెట్టడానికి వాడతారు. లేత నీలం మూతది రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చూడడానికి. దాంట్లో తొమ్మిది వంతుల రక్తానికి ఒక వంతు సిట్రేట్ ద్రావణం సరిపోయేలా గీత గీసి ఉంటుంది. గీత దాకా రక్తం నింపకపోతే ఫలితం తప్పుతుంది. షుగరు పరీక్షకు బూడిదరంగుది. ఊదారంగు గొట్టంలో పోసిన రక్తాన్ని ఎవరైనా తొందరలో వేరే గొట్టంలోకి వంపారనుకోండి, ఈడీటీఏతో పాటు ఉన్న పొటాషియం అందులో కలుస్తుంది. రిపోర్టులో పొటాషియం ప్రమాదకరంగా పెరిగినట్టు, కాల్షియం పడిపోయినట్టు కనిపిస్తుంది. నిక్షేపంగా ఉన్న మనిషికి గుండె ఆగిపోతుందేమోనని డాక్టరు కంగారుపడాలి. యంత్రం ఎంత ఖరీదైనదైనా గొట్టంలో ఉన్నదాన్నే కొలుస్తుంది. ఈ రెండు అంకెలూ ఇలా కలిసి రావడం చూసి అనుమానించి, శాంపిల్ మళ్లీ తెప్పించేది ల్యాబ్ టెక్నీషియనే. మనుషులతో ఎక్కువ మాట్లాడడం ఇష్టంలేని, పనిలో మాత్రం చాదస్తమనిపించేంత శ్రద్ధ ఉన్న పిల్లలకు ఇది చక్కని చోటు.

డయాలసిస్ దీనికి పూర్తిగా వేరు. ఇక్కడ రోజూ కనిపించేది మనిషే. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎన్ని కుటుంబాలను కుంగదీసిందో తెలుగువాళ్లకు చెప్పనక్కర్లేదు. ప్రధానమంత్రి జాతీయ డయాలసిస్ కార్యక్రమం 2016లో మొదలైంది. సోంపేట, పలాస లాంటి చోట్ల కేంద్రాలు వచ్చాక టెక్నీషియన్ల అవసరం బాగా పెరిగింది. రోగి రాగానే టెక్నీషియన్ ముందు బరువు చూస్తాడు. గతసారి వెళ్లినప్పటి నుంచి ఒంట్లో ఎంత నీరు చేరిందో, ఈరోజు ఎంత తీయాలో దాన్నిబట్టే తేలుతుంది. చేతిలో ధమనినీ సిరనూ కలిపి సర్జన్ ఏర్పరచిన ఫిస్టులా మీద వేళ్లు ఆనించి, లోపల రక్తం జుమ్మని పారుతోందో లేదో చూస్తాడు. ఆ తర్వాతే రెండు సూదులు గుచ్చుతాడు. నిమిషానికి అర లీటరు చొప్పున నాలుగు గంటలపాటు డయాలసిస్ ద్రవం పారితే మొత్తం 120 లీటర్లు. అంత నీరు రోగి రక్తానికి ఒక్క పొర అవతలే ప్రవహిస్తుంది కాబట్టి, నీళ్లలో క్లోరిన్ మిగిలిందేమో రోజూ పరీక్షించాలి. నీరు తొందరగా తీస్తే బీపీ పడిపోతుంది, పిక్కలు పట్టేస్తాయి. అదే మనిషి వారానికి రెండు మూడుసార్లు ఏళ్ల తరబడి వస్తాడు. టెక్నీషియన్‌కు ఆయన పిల్లల చదువులూ తెలుస్తాయి, ఒకరోజు ఆయన మంచం ఖాళీ అవడమూ తెలుస్తుంది. ఆ బాధ తట్టుకోగలనా అని చేరకముందే ఎవరికి వారు ప్రశ్నించుకోవాలి.

పిల్లలతో పనిచేయాలనుకునేవాళ్లకు ఇంకో దారి ఉంది. వినికిడి లోపంతో పుట్టిన పిల్లలకు మన రాష్ట్రాల్లో ప్రభుత్వ ఆరోగ్య పథకాల కింద కాక్లియర్ ఇంప్లాంట్ ఆపరేషన్లు జరుగుతున్నాయి. ఆపరేషన్ అవగానే బిడ్డ మాట్లాడదు. శబ్దాన్ని గుర్తుపట్టడం, దాన్ని మాటగా మలచుకోవడం నెలల తరబడి నేర్పాలి. అది ఆడియాలజీ, స్పీచ్ థెరపీ చదివినవాళ్ల పని. మైసూరులోని అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ఈ చదువుకు పేరున్నది. ఓపికా, పిల్లలంటే ప్రేమా ఉన్నవాళ్లు ఈ కోర్సును తప్పకుండా పరిశీలించాలని నా అభిప్రాయం. మన ఊళ్లలో దీని పేరు కూడా చాలామందికి తెలియదు.

ఫిజియోథెరపీ అందరికీ తెలిసిందే. హైదరాబాద్‌లో 1987లో మొదలైన ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి, చూపు పరీక్షించే ఆప్టోమెట్రీ నేర్పుతుంది. పల్లెల్లోని దాని కంటి కేంద్రాల్ని విజన్ టెక్నీషియన్లే నడుపుతారు. ఎక్స్‌రే, సీటీ, ఎంఆర్‌ఐ వైపు వెళ్తే భౌతికశాస్త్రం మీద ఇష్టం ఉండాలి. ఎక్స్‌రే, సీటీ గదుల్లో పనిచేసేవాళ్లు ఒంటిమీద పడిన రేడియేషన్ లెక్కకు ఛాతీ దగ్గర బ్యాడ్జీ పెట్టుకుంటారు. అది ఇవ్వని చోట పనిచేయకండి. గుండె ఆపరేషన్‌లో గుండె ఆగినంతసేపూ రక్తాన్ని నడిపించే పర్‌ఫ్యూజనిస్టు, మత్తు డాక్టరు పక్కనుండే అనస్థీషియా టెక్నీషియన్, 108 అంబులెన్సులో వచ్చే అత్యవసర వైద్య టెక్నీషియన్ (ఈఎంటీ) కూడా ఈ రంగంవాళ్లే. ఇక రోగిని చూడకుండానే చేసే పని మెడికల్ కోడింగ్. అమెరికా ఆసుపత్రుల కేసుషీట్లు చదివి జబ్బుకూ చికిత్సకూ బీమా కోడ్లు వేసే కొలువులు హైదరాబాద్‌లో చాలా ఉన్నాయి. అయితే కోడ్లు తనే సూచించే సాఫ్ట్‌వేర్ వచ్చేసింది కాబట్టి, శరీరనిర్మాణం బాగా చదివినవాళ్లే అక్కడ నిలబడతారు.

ఇన్ని దారులున్నా మోసపోయే చోటు ఒకటుంది, అది గుర్తింపు లేని కోర్సు. 2021లో పార్లమెంటు అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం చేసింది. అంతకుముందు వీటిలో చాలా వృత్తులకు దేశమంతటికీ ఒకే రిజిస్టరు లేదు. ఆ చట్టం ప్రకారం అనుబంధ ఆరోగ్య వృత్తి చదువు కనీసం 2,000 గంటలు, రెండేళ్లకు తగ్గకుండా ఉండాలి. డిగ్రీ స్థాయి ఆరోగ్య వృత్తులకైతే 3,600 గంటలు, మూడేళ్లకు తగ్గకూడదు. అందుకని ఆరు నెలల్లో ల్యాబ్ టెక్నీషియన్ చేస్తామన్న బోర్డు కింద ఫీజు కట్టకండి. డిప్లొమా అయితే రాష్ట్ర పారామెడికల్ బోర్డు లేదా కౌన్సిల్ గుర్తింపు, డిగ్రీ అయితే విజయవాడలోని ఎన్టీఆర్, వరంగల్‌లోని కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయాల్లాంటి వాటి గుర్తింపు ఉన్నాయో లేదో చూడండి. హైదరాబాద్ నిమ్స్, తిరుపతి స్విమ్స్ లాంటి ఆసుపత్రుల్లో కూడా ఈ కోర్సులున్నాయి. సొంత ఆసుపత్రి లేని, కనీసం వేరే ఆసుపత్రితో ఒప్పందం కూడా లేని కాలేజీలో చేతిపని రాదు.

జీతం మాట కూడా దాచకూడదు. చిన్న ప్రైవేటు ల్యాబుల్లో డిప్లొమా పిల్లలకు మొదట్లో ఇచ్చేది తక్కువ, రాత్రి డ్యూటీలు ఎక్కువ. డిగ్రీ చేసి, పెద్ద ఆసుపత్రి అనుభవం సంపాదించుకున్నాక మార్పు వస్తుంది. వీలుంటే డిగ్రీకే వెళ్లమని నేను చెబుతాను.

తల్లిదండ్రులకు నా విన్నపం ఒకటే. కౌన్సెలింగ్ తేదీ రాకముందే మీ అమ్మాయినో అబ్బాయినో తెలిసినవాళ్ల ద్వారా ఒక ల్యాబుకో డయాలసిస్ కేంద్రానికో ఒక పూట తీసుకెళ్లండి. అక్కడ పనిచేసేవాళ్లతో పిల్లల్ని నేరుగా మాట్లాడనివ్వండి. కోర్సు ఎంచుకునే నిర్ణయం వాళ్లకే వదిలిపెట్టండి.