నాన్న బిళ్లలు... కూతురు ముట్టుకోవచ్చా?

దర్శి దగ్గర పల్లెలో ఒక ఇల్లు అనుకోండి. నాన్నకు అరవై దాటాయి. ప్రోస్టేట్ క్యాన్సర్‌కు గుంటూరులో చూపించుకుని నెలకు సరిపడా మందులు తెచ్చుకున్నాడు. అమ్మ మిరపకాయల కోతకు వెళ్లింది. పురిటికి పుట్టింటికొచ్చిన కూతురు డబ్బా తీసి, మింగలేకపోతున్నాడని బిళ్లను నూరి నీళ్లలో కలిపి ఇస్తుంది. నాన్న మీద ప్రేమే... కానీ ఆ పని ఆమె చేయకూడదు!

ప్రోస్టేట్ క్యాన్సర్‌ను పెంచేది టెస్టోస్టిరాన్ అనే పురుష హార్మోన్. 1941లో చికాగోలో ఈ సంగతి తేల్చిన చార్లెస్ హగ్గిన్స్‌కు 1966లో నోబెల్ వచ్చింది. ఇప్పటి అబిరాటెరోన్, ఎంజాలుటమైడ్, బైకాలుటమైడ్ బిళ్లలన్నీ ఆ హార్మోన్ తయారీనో, దాని పనినో అడ్డుకునేవే. కడుపులోని మగబిడ్డ జననాంగాలు ఏర్పడటానికీ అదే హార్మోన్ కావాలి. చిక్కంతా అక్కడే. అందుకే గర్భిణులు, గర్భం వచ్చే అవకాశం ఉన్నవాళ్లు అబిరాటెరోన్ బిళ్లలను, ముఖ్యంగా పూత లేనివాటిని, గ్లవ్స్ లేకుండా పట్టుకోకూడదు. తొలి నెలల్లో మరీ జాగ్రత్త. అసలు ఈ బిళ్లను ఎవరూ నూరకూడదు, విరవకూడదు. అలాగే మింగాలి.

మరి భార్యాభర్తల సంగతి? అరవై దాటినాయన్ని ఈ ప్రశ్న అడగడానికి డాక్టరుకూ మొహమాటమే. కానీ యాభైల్లోనే జబ్బు బయటపడేవాళ్లూ ఉన్నారు. హార్మోన్ ఇంజెక్షన్ తీసుకుంటున్నాం కదా, ఇక పిల్లలు పుట్టరులే అనుకోవడం పొరపాటు. వీర్యకణాలు తగ్గుతాయేమో గానీ దాన్ని కుటుంబ నియంత్రణగా నమ్ముకోకూడదు. భార్యకు గర్భం వచ్చే వీలుంటే మందు వాడినన్నాళ్లూ జాగ్రత్త పడాలి. ఆపాక కూడా అబిరాటెరోన్‌కు 3 వారాలు, ఎంజాలుటమైడ్‌కు 3 నెలలు, బైకాలుటమైడ్‌కు 130 రోజులు ఆగాలి. మన రాష్ట్రంలో ఎక్కువ ఇళ్లలో ఆడవాళ్లకు ఆపరేషన్ అయిపోయి ఉంటుంది కాబట్టి చాలామందికి ఈ బెంగ లేదు. భర్తే వేసెక్టమీ చేయించుకున్నా గర్భం రాదు. అయితే భార్య అప్పటికే గర్భవతి అయితే మాత్రం నిరోధ్ తప్పనిసరి.

భార్య వేసుకునే గర్భనిరోధక మాత్రలను భర్త మందు చెడగొడుతుందా అని కొందరి అనుమానం. లేదు. రెండు మందులు తగవు పడాలంటే ఒకే ఒంట్లో ఉండాలి. ఆ తగవులు నాన్న ఒంట్లోనే జరుగుతాయి. ఎంజాలుటమైడ్ కాలేయాన్ని ఉరుకులు పెట్టిస్తుంది. దాంతో రక్తం గడ్డకట్టకుండా వాడే వార్ఫరిన్ లాంటివి త్వరగా కరిగిపోయి పనిచేయవు. అదే వార్ఫరిన్‌కు బైకాలుటమైడ్ తోడైతే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. టీబీకి వాడే రిఫాంపిసిన్, ఫిట్స్‌కు వాడే ఫెనిటాయిన్ అయితే అబిరాటెరోన్‌నే నీరుగారుస్తాయి.

తిండితోనూ పేచీయే. అబిరాటెరోన్‌ను తినడానికి గంట ముందో, తిన్న రెండు గంటలకో వేసుకోవాలి. నెయ్యి దండిగా వేసుకుని తిన్న వెంటనే మింగితే ఒంటికి పట్టే మందు 10 రెట్ల దాకా పెరగొచ్చు.

పెద్దాసుపత్రికి వెళ్లేటప్పుడు దర్శిలో కొన్న బీపీ, షుగర్ బిళ్లలు, ఆర్‌ఎంపీ ఇచ్చిన పొట్లాలు, ఆకుమందు... అన్నీ ఒకే సంచిలో వేసుకెళ్లి డాక్టరు బల్ల మీద కుమ్మరించండి. ఇంట్లో గర్భిణి ఉందన్న సంగతీ అప్పుడే చెప్పండి. ఆమె కాన్పయ్యేదాకా బిళ్ల అందించే పని అమ్మదో, కొడుకుదో!