అక్టోబరు చివరివారంలో మూడు రోజులు

(రేడియో మహిళల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)

మా వంటింటి గోడకి రోజుకో కాగితం చింపే క్యాలెండరు ఒకటి వేలాడుతూంటుంది. పొద్దున్నే పాలు పొయ్యిమీద పెట్టి, నిన్నటి కాగితం చింపడం నాకు అలవాటు. తిథి, వారం, వర్జ్యం చూసుకున్నాక అడుగున చిన్న అక్షరాల్లో వేసిన ఆనాటి విశేషం చదువుతాను. అక్టోబరు నెలాఖరుకి వచ్చేసరికి ఈ విశేషాలకి కొదవ ఉండదు. 24వ తేదీ ఐక్యరాజ్యసమితి దినం. 31వ తేదీ సర్దార్ పటేల్ జయంతి, ఇందిరాగాంధీ వర్ధంతి కూడా ఆనాడే. మనకి మటుకు ఆ వారం అంటే దీపావళికి కాస్త ముందో వెనకో. బూజులు దులపడం, ఇత్తడి సామాను తోమడం, పిండివంటలకి బియ్యం నానబొయ్యడం. విశేషం చదివిన కాగితం వెనకే పాల లెక్క రాసుకుంటాం. అంతే!

ఆ మధ్య ఏవో వివరాల కోసం ఇంటింటికీ తిరుగుతూ ఒక అబ్బాయి మా గుమ్మంలోకి వచ్చేడు. మావారు కుర్చీలో కూర్చుని అతనడిగినవాటికి జవాబులు చెబుతున్నారు. "అమ్మగారేం చేస్తారు సార్?" అని అడిగేడా అబ్బాయి. "ఏం చెయ్యదండీ, ఇంట్లోనే ఉంటుంది" అన్నారీయన. ఆ సమయానికి నేను ఒక చేత్తో పెనంమీద అట్టు తిరగేస్తూ, రెండో చేత్తో చిన్నవాడి టిఫిను డబ్బా మూత బిగిస్తున్నాను. ఆ అబ్బాయి కాగితంమీద ఒక అడ్డగీత గీసి, తరవాతి ప్రశ్నలోకి వెళ్ళిపోయేడు. మావారు చెడ్డవారు కారు. ఆయన మాటలో దురుద్దేశమూ లేదు. అందుకే నాకు మరీ కష్టమనిపించింది.

ఆ అడ్డగీత నా మనసులో ఉండిపోయింది. ఆ తరవాత అక్టోబరు చివరివారం కాగితాలు చింపుతూంటే, వాటిమీద అచ్చు వెయ్యని మూడు సంగతులు మీతో చెప్పాలనిపించింది. మూడూ మాటకీ, వినికిడికీ సంబంధించినవే. మొదటిది, నాటకాన్ని జనం నిజమనుకున్న రోజు. రెండోది, నిజమైన పేర్లు లెక్కలోకి రాని ఎన్నికలు మొదలైన రోజు. మూడోది, ఆడవాళ్ళు పని మానేస్తే దేశమంతా విన్న రోజు.

ముందు రేడియో సంగతే చెబుతాను. 1938 అక్టోబరు 30, ఆదివారం. రాత్రి 8 గంటలకి అమెరికాలో సి.బి.యస్. రేడియోలో ఒక నాటకం వేసేరు. ఇంగ్లీషు రచయిత హెచ్.జి. వెల్స్ 1898లో పుస్తకంగా తెచ్చిన 'వార్ ఆఫ్ ది వరల్డ్స్' అనే నవలే ఆ నాటకానికి ఆధారం. అంగారక గ్రహం నుంచి ఎవరో దిగివచ్చి భూమిమీద దాడి చెయ్యడం అందులో కథ. నాటకం నడిపినాయన ఆర్సన్ వెల్స్. అప్పటికి ఆయన వయసు 23 ఏళ్ళే. కథ ఇంగ్లండులో జరిగినట్టు కాకుండా న్యూజెర్సీలోని గ్రోవర్స్ మిల్ అనే చిన్న ఊళ్ళో జరుగుతున్నట్టు మార్చేరు. పైగా దాన్ని వార్తల పద్ధతిలో పెట్టేరు. హాయిగా సంగీతం వస్తూంటుంది, ఉన్నట్టుండి ఆపేసి, "ఇప్పుడే అందిన వార్త" అంటారు. మళ్ళీ సంగీతం, మళ్ళీ వార్త.

మొదట్లోనే ఇది నాటకమని చెప్పేరు. కాని రేడియో సంగతి మీకు తెలియనిదేముంది! కూర తాలింపు వేసి వచ్చేసరికి సగం అయిపోతుంది. అలా మధ్యలో పెట్టినవాళ్ళు కొందరు నిజంగా దాడి జరుగుతోందనుకుని హడలిపోయేరు. పోలీసులు స్టూడియోకి వచ్చేరు. మర్నాడు వెల్స్ పత్రికలవాళ్ళ ముందు కూర్చుని విచారం వెలిబుచ్చేడు.

ఇంకో తమాషా ఉంది. దేశమంతా వీధులకెక్కి పరుగులు తీసిందని మర్నాటి పేపర్లు పెద్ద అక్షరాలతో వేసేయి. తరవాతి కాలంలో పరిశోధకులు విచారిస్తే, భయపడ్డవాళ్ళు ఉన్నమాట నిజమే గాని, పేపర్లు రాసినంత గందరగోళం లేదని తేలింది. ఆ రోజుల్లో పత్రికలకి రావలసిన ప్రకటనలు రేడియోకి తరలిపోతున్నాయి. రేడియోని నమ్మకూడదని చెప్పడానికి పత్రికలకి మంచి అవకాశం దొరికింది. అంటే రేడియో కథని జనం నమ్మేరు, జనం కథని పేపర్లు పెంచేయి. ఇప్పుడు ప్రతి చేతిలోనూ ఫోను ఉంది. అందులో వచ్చిన ప్రతి "ఇప్పుడే అందిన వార్త"నీ పక్కింటికి పంపించేముందు మొదట్నించీ విన్నామా, మధ్యలో పెట్టేమా అని ఒకసారి ఆలోచించుకోవడం మంచిది.

గట్టి గొంతుతో, సాధికారంగా చెబితే లేనిది కూడా ఉన్నట్టే అయిపోతుందని ఆ నాటకం చూపించింది. మరి ఉన్నదాన్ని ఎవరూ చెప్పకపోతే? అది లేనట్టే లెక్క. దానికి సాక్ష్యం మన దేశంలోనే ఉంది.

1951 అక్టోబరు 25. స్వతంత్ర భారతదేశంలో మొట్టమొదటి సాధారణ ఎన్నికలకి ఆనాడే పోలింగు మొదలైంది. తక్కిన దేశంలో ఇంకా ఏర్పాట్లు జరుగుతూండగానే హిమాచల్ ప్రదేశ్ కొండల్లో చినీ, పాంగీ అనే ప్రాంతాల్లో ముందుగా ఓట్లు వేయించేరు. ఆలస్యమైతే మంచు పడి దారులు మూసుకుపోతాయి మరి. చినీలో ఓటేసిన శ్యామ్ శరణ్ నేగీ అనే బడిపంతులు గారిని స్వతంత్ర భారతంలో మొదటి ఓటరుగా చెప్పుకుంటారు. ఆయన నూరేళ్ళు దాటి బ్రతికి 2022లో కన్నుమూసేరు.

మొదటి ఓటరు పేరు అందరికీ తెలిసింది. సంతోషమే. కాని ఆ ఎన్నికల్లోనే పేరు చెప్పని కారణంగా ఓటు పోయినవాళ్ళు ఎందరో తెలుసా అండీ? సుమారు 28 లక్షలమంది. అందరూ ఆడవాళ్ళే.

జరిగిందేమిటంటే, ఓటర్ల జాబితా రాయడానికి గుమస్తాలు ఇంటింటికీ వెళ్ళేరు. "నీ పేరేమిటమ్మా?" అంటే, ఉత్తరాదిని ముఖ్యంగా బీహారు, ఉత్తరప్రదేశ్, మధ్యప్రదేశ్, రాజస్థాన్ వంటి చోట్ల చాలామంది స్త్రీలు తమ పేరు చెప్పలేదు. ఫలానా వారి భార్యననీ, ఫలానా వాడి తల్లిననీ చెప్పేరు. పరాయి మగవాడికి పేరు చెప్పడం మర్యాద కాదని వాళ్ళకి నేర్పిన నీతి. గుమస్తాలు అలాగే రాసుకుపోయేరు. అప్పటి ప్రధాన ఎన్నికల కమిషనరు సుకుమార్ సేన్ ఇది కుదరదన్నారు. ఓటరుకి సొంత పేరుండాలన్నారు. చెప్పినవాళ్ళ పేర్లు సరిచేసి, చెప్పనివాళ్ళని జాబితాలోంచి తీసేశారు. ఓటర్లలో స్త్రీలు సుమారు 8 కోట్లమంది. అందులో 28 లక్షలమందికి ఆ ఏడాది ఓటు లేకపోయింది. కఠినమైన నిర్ణయమే. కాని ఈ దెబ్బతోనైనా వచ్చే ఎన్నికల నాటికి ఈ అలవాటు పోతుందని ఆయన ఆశించేరు.

"అదంతా ఉత్తరాది సంగతి, మనకేం?" అనుకోకండి. మా అమ్మమ్మని ఊరంతా 'మేష్టారి గారి భార్య' అనేవారు. మేం 'కాకినాడ అమ్మమ్మ' అనేవాళ్ళం. తాతయ్య "ఏమేవ్" అనేవారు. ఆవిడ పోయినప్పుడు మరణ ధ్రువపత్రం కోసం పేరడిగితే, మా చిన్నమామయ్య ఒక్క క్షణం తడుముకుని పెద్దమామయ్య మొహంలోకి చూశాడు. కన్నకొడుకండీ! ఆవిడ చేతి ఆవకాయ రుచి ఇంటిల్లిపాదికీ నోరూరించేలా గుర్తుంది. పేరు మటుకు వెతుక్కోవలసి వచ్చింది.

పేరు సంగతి అయింది. ఇక పని సంగతి. దీనికోసం మనం చాలా దూరం, ఉత్తర ధ్రువానికి దగ్గరలో ఉన్న ఐస్‌లాండు అనే ద్వీపానికి వెళ్ళాలి. 1975లో ఆ దేశ జనాభా అంతా కలిపి సుమారు 2 లక్షల 20 వేలే. ఆ సంవత్సరాన్ని ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ మహిళా సంవత్సరంగా ప్రకటించింది. అక్కడ ఉద్యోగాలు చేసే స్త్రీలకి మగవాళ్ళ సంపాదనలో నూటికి 60 వంతులైనా వచ్చేది కాదు. పార్లమెంటులో 60 మంది సభ్యులుంటే ఆడవాళ్ళు ముగ్గురు. ఇంటిపని సరేసరి, దాన్ని ఎవరూ పని అనే అనుకోలేదు.

'ఎర్ర మేజోళ్ళ' సంఘమని పేరుపడిన యువతులు కొందరు, "ఒకరోజు ఆడవాళ్ళమందరం సమ్మె చేద్దాం" అన్నారు. పెద్దవాళ్ళకి సమ్మె అనే మాట నచ్చలేదు. అప్పుడు ఎవరికో మంచి ఊహ తట్టింది. సమ్మె అనవద్దు, 'సెలవు' అందాం అన్నారు. సెలవు పెడితే కాదనేదెవరు? ఆ ఒక్క మాట మార్పుతో అన్ని సంఘాలవాళ్ళూ కలిసివచ్చేరు.

1975 అక్టోబరు 24, శుక్రవారం. ఆ దేశపు స్త్రీలలో నూటికి 90 మంది ఆనాడు పని ముట్టుకోలేదు. ఆఫీసు పనీ లేదు, ఇంటిపనీ లేదు, పిల్లల పనీ లేదు. రాజధాని రెయిక్యవిక్ నడిబొడ్డున సుమారు 25 వేలమంది స్త్రీలు చేరి ఉపన్యాసాలు విన్నారు, పాటలు పాడుకున్నారు. బళ్ళు, శిశువిహారాలు, దుకాణాలు చాలావరకు మూతపడ్డాయి. చేపల కార్ఖానాల్లో పనివాళ్ళు ఎక్కువగా ఆడవాళ్ళే కనక అవీ ఆగిపోయేయి. పత్రికల్లో అక్షరాలు కూర్చేది ఆడవాళ్ళే కనక మర్నాటి పేపరు పల్చబడింది.

మరి మగవాళ్ళో? పిల్లల్ని వెంటబెట్టుకుని ఆఫీసులకి వెళ్ళేరు. వాళ్ళు అల్లరి చెయ్యకుండా కాగితాలూ, పెన్సిళ్ళూ, మిఠాయిలూ జేబుల్లో వేసుకున్నారు. సులువుగా వండుకోవచ్చని సాసేజీలు అనే మాంసపు చుట్టలు కొనుక్కుంటే, దుకాణాల్లో అవి కాస్తా నిండుకున్నాయి. నాకు అన్నిటికంటె నచ్చిన సంగతి వేరే ఉంది. ఆ రోజు రేడియోలో వార్తలు చదువుతూంటే, వెనకనుంచి చిన్నపిల్లలు ఆడుకుంటున్న చప్పుడు వినిపించిందట! ఇన్నాళ్ళూ ఆ చప్పుడు రేడియోదాకా రాకుండా ఎవరు చూసుకుంటున్నారో దేశానికి ఆనాడు తెలిసింది. పాపం, ఆ రోజుని అక్కడి తండ్రులు 'పొడుగాటి శుక్రవారం' అని చెప్పుకున్నారు.

మర్నాడు అందరూ యథాప్రకారం పనుల్లోకి వచ్చేశారు. కాని దేశం యథాప్రకారంగా లేదు. 1976లో స్త్రీ పురుష సమానత్వానికి చట్టం చేసేరు. 1980లో విగ్దిస్ ఫిన్‌బొగదొత్తిర్ అనే ఆవిడని ప్రజలు రాష్ట్రపతిగా ఎన్నుకున్నారు. ప్రపంచంలో ప్రజల ఓట్లతో రాష్ట్రపతి అయిన మొదటి స్త్రీ ఆవిడే. భర్త తోడు లేకుండా కూతుర్ని పెంచుకుంటున్న తల్లి. 16 ఏళ్ళు ఆ పదవిలో ఉన్నారు. అలాగని అన్నీ చక్కబడిపోలేదు. మళ్ళీ 2023 అక్టోబరు 24న ఆ దేశపు స్త్రీలు రోజంతా పని మానేస్తే, అప్పటి ప్రధానమంత్రి కాత్రిన్ యాకబ్స్‌దొత్తిర్ కూడా వాళ్ళతో పాటే మానేశారు.

ఇప్పుడు మీరు నన్నడగవచ్చు, "మమ్మల్ని కూడా పొయ్యి ఆర్పేసి వీధిలోకి రమ్మంటావా?" అని. అలా అనడంలేదు. మంచంమీద ఉన్న అత్తగారికి వేళకి మందివ్వడం ఏ తేదీ చూసి మానగలం? నేను చెప్పేది లెక్క సంగతి. 2019లో మన కేంద్ర ప్రభుత్వంవారే, ఎవరి కాలం ఎలా గడుస్తోందని దేశమంతా అడిగి లెక్క తీశారు. ఇంటిపని చేసే స్త్రీకి అందులో రోజుకి సగటున 299 నిమిషాలు పోతున్నాయి. అంటే 5 గంటలకి ఒక్క నిమిషం తక్కువ. పిల్లల్నీ, పెద్దల్నీ చూసుకునే వేళ ఇందులో చేరలేదు. ఇంటిపనిలో చెయ్యి వేసే మగవాడికి 97 నిమిషాలు. అలా చెయ్యి వేసేవాళ్ళు మాత్రం మగవాళ్ళలో నూటికి 26 మంది. కనక "ఏం చెయ్యదు" అన్నమాట తప్పని సర్కారు లెక్కే చెబుతోంది.

ఆ వేళ రాత్రి భోజనాల దగ్గర మావారికి ఐస్‌లాండు కథ చెప్పేను. పిల్లలు నవ్వేరు. ఆయన మటుకు నవ్వలేదు. మజ్జిగ కలుపుకుంటూ, "అయితే ఆ అబ్బాయికి ఏం చెప్పవలసింది?" అనడిగేరు. "ఏం చెయ్యదు అనకుండా, ఇల్లు నడుపుతుందని చెప్పండి. నేను పక్కనే ఉంటే ఆ మాట నన్నే చెప్పనివ్వండి" అన్నాను. సరేనన్నారు.

మిమ్మల్ని నేను కోరేదీ అంతే. ఈసారి ఎవరైనా కాగితం పట్టుకుని గుమ్మంలోకి వస్తే, తడి చెయ్యి కొంగుకి తుడుచుకుని మీరే ముందుకి రండి. మీ పేరు మీరే చెప్పండి. చేసే పనీ మీరే చెప్పండి. వీలైతే ఈ రాత్రి పిల్లల్ని దగ్గర కూర్చోబెట్టుకుని, మీ అమ్మమ్మ పేరూ, నాయనమ్మ పేరూ ఇంటిపేరుతో సహా వాళ్ళచేత పలికించండి. క్యాలెండరు కాగితం వెనక రాసిపెట్టుకున్నా మంచిదే. పాల లెక్క ఇంకో కాగితంమీద రాసుకుందాం.

ఇక సెలవు. ఈ మాట ప్రతిసారీ ఇక్కడ సులువుగా అనేసి వెళ్ళిపోతాను గాని, ఇంటికి వెళ్ళేక అనడానికి నాకింకా ధైర్యం చాలడంలేదండీ.