పాటతో కొట్లాట

సద్దుల బతుకమ్మ అయిపోయిన మర్నాడు మెదక్ జిల్లా హవేలిఘనపూర్‌లో ఎవరి మతిలోనైనా ఒక పాట తిరుగుతూ ఉంటే వింతేమీ లేదు. తొమ్మిది రోజులు అవే పాటలు, అవే చప్పట్లు, పైగా డీజే. అంతగా విన్నది వెంటనే వదలదు. ఫిన్లాండ్‌లో 12 వేల మందికి పైగా అడిగి చూస్తే, పదిమందిలో తొమ్మిది మంది వారానికి ఒక్కసారైనా ఏదో పాట ఇలా పట్టుకుంటుందన్నారు. మెదడు తీరే అంత. 2005లో వెలువడిన ఒక ప్రయోగంలో, బాగా తెలిసిన పాటల్లో మధ్యమధ్య ముక్కలు తీసేసి వినిపించారు. శబ్దం లేని ఆ జాగాల్లోనూ వినికిడికి సంబంధించిన మెదడు భాగం పనిచేస్తూనే ఉంది. ఖాళీని తానే పూరించుకుంది.

చాలామందికి ఆ పాట కాసేపటికో మర్నాటికో పోతుంది. కొందరికి పోదు. ఓసీడీ అంటే పదేపదే చేతులు కడుక్కోవడం, తాళం మళ్ళీమళ్ళీ చూసుకోవడం అని మనకు తెలుసు. లోపల ఆగకుండా తిరిగే పాట కూడా ఓసీడీ కావచ్చని తెలిసినవాళ్లు తక్కువ.

ఇంటర్ చదివే ఒక అమ్మాయి అనుకుందాం. పుస్తకం తెరవగానే ఒక సినిమా పాట పల్లవి మొదలవుతుంది. ఇది ఎప్పటికీ పోదేమో, పరీక్ష పోతుందేమో, నాకు మతి తప్పుతుందేమో అని భయం పుడుతుంది. భయం తగ్గాలని ఆమె ఏదో ఒకటి చేస్తుంది: పాటను మనసులోనే చివరిదాకా పాడి ముగిస్తుంది, దాని మీదికి భక్తి పాటను తెస్తుంది, టీవీ గట్టిగా పెడుతుంది. పొద్దున లేవగానే ‘ఉందా, పోయిందా’ అని లోపల వెతుకుతుంది. వెతకడంతోనే పాట మొదలవుతుంది. పూజలో, ప్రార్థనలో వస్తే పాపమని మళ్ళీ మొదటి నుంచి ప్రార్థన. ఇవన్నీ చేతులు కడుక్కోవడం లాంటివే, కాకపోతే లోపల జరుగుతాయి. నన్నడిగితే అసలు జబ్బు పాటలో లేదు, ఈ కొట్లాటలో ఉంది. తెల్ల ఎలుగుబంటి గురించి ఆలోచించవద్దని విద్యార్థులకు చెప్పి, మనస్తత్వవేత్త డేనియల్ వెగ్నర్ 1987లోనే చూపించాడు: వద్దన్నకొద్దీ అదే గుర్తొస్తుంది.

ఇలాంటప్పుడు ‘గాలి సోకింది’ అని తాయెత్తు కట్టించే ఇళ్లున్నాయి. అది ప్రేమతో చేసేదే, కానీ నెలలు గడిచిపోతాయి. హైదరాబాద్‌లో మానసిక వైద్యశాల ఉన్న ‘ఎర్రగడ్డ’ పేరును ఎగతాళికి వాడీవాడీ, అవసరమైనవాళ్లు ఆ దవాఖాన గడప తొక్కడానికే జంకేలా చేశాం. ఇది మన తప్పు. డాక్టరుకు కూడా విషయం సరిగ్గా చెప్పాలి. పాట తన మనసులోదేనని ఓసీడీ ఉన్న మనిషికి తెలుసు. పక్కింట్లో మోగుతున్నట్టు బయటి నుంచే వినిపిస్తే అది వేరే సంగతి. వినికిడి తగ్గిన పెద్దవాళ్లలో అలా జరుగుతుంటుంది, వాళ్లకు చెవి పరీక్ష కూడా కావాలి. ఈ రెండింటినీ కలగలిపి పొరపాటు వైద్యం జరిగిన సందర్భాలున్నాయని 2014లో మనస్తత్వవేత్త స్టీవెన్ టేలర్ బృందం రాసింది.

వైద్యం ఉంది. 1966లో మనస్తత్వవేత్త విక్టర్ మేయర్ లండన్‌లో మొదలుపెట్టిన దారి ఇప్పటికీ ఓసీడీకి ప్రధానమైన మానసిక చికిత్స: భయపెట్టేదాన్ని రానిచ్చి, భయం తగ్గించుకునే పనులు మానడం. ఇక్కడ దాని అర్థం, పాట మోగుతుండగానే లెక్కలు చేయడం, బియ్యం కడగడం, సగంలో ఆగిన పల్లవిని సగంలోనే వదిలేయడం. మొదట్లో కష్టంగానే ఉంటుంది, అందుకే శిక్షణ ఉన్నవాళ్లు పక్కన ఉండి చేయించాలి. చూయింగ్ గమ్ నమిలితే పాట కొంత తగ్గుతుందని 2015లో ఇంగ్లండ్‌లోని రీడింగ్ విశ్వవిద్యాలయం ప్రయోగం చెప్పింది. మామూలు పాటకు అది సరే, ఓసీడీలో మాత్రం ఆ నమలడమే ఇంకో తంతుగా మారే ప్రమాదం ఉంది. ఫ్లూఆక్సెటిన్, సెర్ట్రలిన్ లాంటి మందులను ఓసీడీలో డిప్రెషన్‌కు ఇచ్చేదానికన్నా ఎక్కువ మోతాదులో ఇవ్వాల్సి రావచ్చు. గుణం తెలియడానికి 8 నుంచి 12 వారాలు పడుతుంది. నాలుగో వారంలో ‘పనిచేయలేదు’ అని సొంతంగా ఆపేస్తే అప్పటిదాకా వేసుకున్నదీ వృథా.

వెంటనే హైదరాబాద్ వెళ్లలేనివాళ్లు ముందు ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైను టెలీ మానస్‌కు ఫోన్ చేయవచ్చు: 14416. ఖర్చు లేదు, రాత్రయినా పలుకుతారు, తెలుగులో మాట్లాడవచ్చు.

ఇంట్లోవాళ్లు మానేయాల్సింది ఒకటుంది. ‘ఇయ్యాల పాట వచ్చిందా బిడ్డా?’ అని అడగవద్దు. అడిగిన ప్రతిసారీ ఆ పిల్ల లోపలికి వెళ్లి వెతుకుతుంది, వెతికితే దొరుకుతుంది. తిన్నదా, కాలేజీకి పోయిందా అని అడగండి.