బిడ్డ మెడలో గడ్డ: ఉపేక్షకు గడువెంత?

జుమా రోజున బిడ్డకు తలస్నానం చేయిస్తున్న తల్లి వేళ్ళకు చెవి కింద చిన్న గడ్డ తగులుతుంది. ‘బిళ్ళ కట్టింది, అదే పోతుందిలే’ అంటుంది దాదీ. ‘క్యాన్సరేమో’ అని తల్లి గుండె దడదడలాడుతుంది. ఎక్కువసార్లు దాదీ మాటే నిజమవుతుంది. కాని ఆ మాటకొక గడువుందని మేము గుర్తుచేయదలిచాము.

మెడలోని లింఫు గ్రంథులు అల్లాహ్ మన దేహంలో నిలిపిన కావలి భటులు. గొంతునొప్పి, పుచ్చిపన్ను, చెవిపోటు, చివరకు తలలో పేలవల్ల లేచిన కురుపులైనా సరే, అవి ఉబ్బుతాయి. అందుకే అనుభవజ్ఞుడైన వైద్యుడు గడ్డతోపాటు నోరు, చెవులు, తల కూడా పరిశీలిస్తాడు. చిన్నగా, మెత్తగా, వేళ్ళ కింద జారే గడ్డలు చాలావరకు కొన్ని వారాల్లో తగ్గిపోతాయి.

మెడ మధ్యలో ఉండి, నాలుక చాపినప్పుడు పైకి కదిలే తిత్తి సాధారణంగా పుట్టుకతో వచ్చిన లోపం. దానికి శస్త్రచికిత్స అవసరం కావచ్చు.

గడ్డ 2 సెంటీమీటర్లు మించినా, 2 వారాల్లో తగ్గుముఖం పట్టకపోయినా, రాయిలా గట్టిపడి కదలకపోయినా, భుజానికీ మెడకూ నడుమనున్న ఎముకపైన కనిపించినా ఇక ఎదురుచూడరాదు. రాత్రి చెమటలు, విడవని జ్వరం, బరువు తగ్గడం కూడా అలాంటి హెచ్చరికలే. ఊపిరి ఆడకపోయినా, మింగలేక చొంగ కారుతున్నా తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళాలి.

మన దేశంలో మరువరానిది క్షయ. పెద్దలు గండమాల అన్నదీ, ఇబ్నె సీనా తన వైద్య గ్రంథంలో ‘ఖనాజీర్’ పేరిట వివరించినదీ ఎక్కువగా ఈ మెడ గ్రంథుల వాపునే. సన్నని సూదితో గడ్డలోని కణాలు తీసి ఎఫ్‌ఎన్‌ఏసీ, సీబీనాట్ పరీక్షలు చేస్తే చాలాసార్లు కారణం తేలుతుంది. తేలకపోతే ముక్క తీసి బయాప్సీ చేస్తారు. సూది గుచ్చితే జబ్బు పాకుతుందన్న భయంతో, ఆడపిల్ల మెడపై మచ్చ పడితే సంబంధాలు రావన్న బెంగతో కొందరు పరీక్ష వాయిదా వేస్తారు. మచ్చకు భయపడి బిడ్డ ప్రాణాన్ని పణంగా పెట్టడం ఏ పాటి ప్రేమ? ఆకుపసరు కట్లు వద్దు. కారణం తేలకముందే స్టెరాయిడ్లు అసలే వద్దు. లింఫోమా అయితే అవి దానిని తాత్కాలికంగా అణచి, పరీక్షకు చిక్కకుండా చేస్తాయి.

దుఆ చేద్దాం. వైద్యం చేయించుకొమ్మని దైవప్రవక్త (స) స్వయంగా ఆదేశించారన్నదీ గుర్తుంచుకుందాం.

ఘట్‌కేసర్ వాసులు ముందు స్థానిక ప్రభుత్వ వైద్యుణ్ణి కలవవచ్చు. అవసరమైతే ఉప్పల్ మీదుగా నగరానికి వెళితే గాంధీ, కోఠీ ఈఎన్‌టీ, నీలోఫర్ ఆసుపత్రులున్నాయి. పరిచారిక ప్రసవంలో మరణించడంతో చలించిన నిజాం కోడలు నీలోఫర్ పేరిట వెలసినదే ఆ చివరిది. క్షయ అని తేలితే మందులు ఉచితం, పోషణకు నెలకు 1,000 రూపాయలు ప్రభుత్వం ఇస్తుంది. చికిత్స సాధారణంగా 6 నెలలు. నడుమ గడ్డ కరిగినట్లనిపించినా మందు మానరాదు. కొందరిలో మందులు మొదలుపెట్టాక గడ్డ మరికొంత పెరుగుతుంది కూడా. అప్పుడు మందు పనిచేయడం లేదని ఆపివేయక, బిడ్డను మళ్ళీ వైద్యునికి చూపించాలి.